ఏ క్యాలిబర్ అన్నిటికన్నా దండగ? నా ఓటు .45 గ్యాప్‌కే

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "డాలస్ దగ్గర ఉంటాను. ఈమధ్యే గ్రీన్ కార్డు వచ్చింది. షూటింగ్ రేంజ్‌కి వెళ్లే మా బ్యాచ్‌లో, అన్నిటికన్నా పనికిరాని క్యాలిబర్ (తూటా సైజు) ఏదని పెద్ద గొడవ. ఒకడు .25 అంటాడు, ఇంకొకడు .40 అంటాడు. గన్ షోలో .45 గ్యాప్ తూటా పేల్చే గ్లాక్ 37 పిస్టల్ ఒకటి చవగ్గా కనబడింది, తీసుకోవచ్చా? ఇంకో సంగతి, తెనాలిలో మా నాన్నగారి దగ్గర లైసెన్సున్న పాత .32 రివాల్వర్ ఉంది. ఈ లెక్కన అది కూడా దండగేనా?"

ముందు మీ రెండు అసలు ప్రశ్నలకు జవాబు. గ్లాక్ 37 వద్దు. నాన్నగారి రివాల్వర్ దండగ కాదు. మిగతాదంతా ఎందుకో చెప్పడానికే, కాస్త పొడుగవుతుంది. నేను చాలా ఏళ్లుగా ఇక్కడ ఒక రేంజ్‌లో సేఫ్టీ ఆఫీసర్‌గా ఉంటున్నాను, వారాంతాల్లో ఒక గన్ షాపు కౌంటర్ వెనక నిలబడతాను, నా తూటాలు చాలావరకు నేనే, పేలిన తూటాల ఇత్తడి కేసుల్లో మళ్లీ మందూ బుల్లెట్టూ నింపి, రీలోడ్ చేసుకుంటాను. కాబట్టి ఏ తూటా ఎంత గట్టిగా తగులుతుందన్న దానికన్నా ఏ తూటా షాపులో కదులుతుంది, ఏది దుమ్ము పట్టి కూర్చుంటుంది అన్నది నాకు బాగా తెలుసు.

ఈ గొడవలో అందరూ చేసేది ఒకటే. ఫోన్ తీసి, వేగం ఎంత, శక్తి ఎంత అని పట్టిక చూసి, అడుగున ఉన్నదాన్ని పనికిరానిది అనేస్తారు. ఆ లెక్కన .22 లాంగ్ రైఫిల్ అందరికన్నా ముందు పోవాలి. కానీ కొత్తవాళ్లకి షూటింగ్ నేర్పేది దానితోనే, ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ పతకాలు తెచ్చేదీ అదే, ఏ చిన్న ఊళ్లో చూసినా దొరికేదీ అదే. నేను అడిగే ప్రశ్న వేరు. ఈ తూటా చేసే పనిని ఇంకొకటి ఇంతకన్నా చవగ్గా, ఇంతకన్నా సులువుగా దొరుకుతూ చేసిపెడుతుందా? చేసిపెడితే ఇది దండగ. తూటాలు ఊరికే పుట్టవు. ఒక చట్టం వల్లో, ఒక పోటీ నియమం వల్లో, ఒక పోలీసు శాఖ కాంట్రాక్టు వల్లో, పిస్టల్ పిడి సైజు వల్లో పుడతాయి. ఆ కారణం పోయాక కూడా తూటా మిగిలిపోతుంది. దండగ తూటాలన్నీ ఇలా మిగిలినవే.

ఇప్పుడు .45 గ్యాప్. గ్లాక్ కంపెనీ, తూటాలు తయారుచేసే స్పీర్ కంపెనీ కలిసి 2003లో తెచ్చాయి. పేరులో గ్యాప్ అంటే గ్లాక్ ఆటోమేటిక్ పిస్టల్. పాత .45 ఏసీపీ మీకు తెలిసిందే, 1911లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ పిస్టల్‌తో పేరు తెచ్చుకున్నది. దాని కేసు పొడవు సుమారు 22.8 మిల్లీమీటర్లు. అంత పొడుగు తూటా రెండు వరసల్లో పిడి లోపలి మ్యాగజైన్‌లో (తూటాల పెట్టెలో) పడుకోవాలంటే పిడి బాగా లావవుతుంది. ఆ తూటా పేల్చే గ్లాక్ 21 పట్టుకుని చూసినవాళ్లకి తెలుసు, సగటు తెలుగువాడి చేతికి అది ఇటుక. ఇప్పటి తుపాకి మందుకి ఆ పాత కేసులో ఉన్నంత చోటు అక్కర్లేదు కాబట్టి, కేసుని 19.2 మిల్లీమీటర్లకి కుదించి, అదే లావు బుల్లెట్‌ని దాదాపు అదే వేగంతో పంపితే, పిస్టల్‌ని 9 ఎం.ఎం. గ్లాక్ 17 సైజులో చెయ్యొచ్చు. ఇదీ ఆలోచన. అలా వచ్చిందే మీరు చూసిన గ్లాక్ 37.

ఇంజినీరింగ్‌లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అనుకున్నది అనుకున్నట్టే చేశారు. రేంజ్‌లో అది సతాయించడం నేను చూడలేదు, గురి కూడా బాగుంటుంది. న్యూయార్క్, పెన్సిల్వేనియా, జార్జియా రాష్ట్రాల పోలీసులు, సౌత్ కరోలినా హైవే పట్రోల్ దాన్ని తీసుకున్నారు కూడా. అంతమంది తీసుకున్నాక బతకాలి కదా?

బతకలేదు. ఎందుకంటే అది తీర్చిన ఇబ్బంది పిడి లావు ఒక్కటే. నాలుగేళ్లు తిరగకుండానే గ్లాక్ కంపెనీయే గ్లాక్ 21 పిడిని వెనకవైపు కొంచెం చెక్కి, ఎస్ఎఫ్ పేరుతో సన్నటి రకం వదిలింది. పాత .45 తూటాతోనే, 13 రౌండ్లతో. తన సరుకుకి తనే పోటీ తెచ్చుకుంది. ఇంకోవైపు గ్లాక్ 17 లో 17 తూటాలు పడితే అదే సైజున్న గ్లాక్ 37 లో 10. లావు తూటా కావాలనుకునేవాడు ఏసీపీ కొంటాడు, ఎక్కువ తూటాలు కావాలనుకునేవాడు 9 ఎం.ఎం. కొంటాడు. గ్యాప్ కొనాల్సిన మనిషి ఎవరో ఆలోచించి చూడండి, నాకైతే తట్టడం లేదు. ఆ నాలుగు పోలీసు శాఖలూ ఒక్కొక్కటిగా వదిలేశాయి, కొన్ని పాత .45 ఏసీపీకే వెళ్లాయి. వాళ్లు అమ్మేసిన పిస్టళ్లే మీకు గన్ షోల్లో చవగ్గా కనబడేవి.

చవక అన్నది అక్కడితో అయిపోతుంది. పిస్టల్‌కి డబ్బు ఒక్కసారి పెడతారు, తూటాలకి రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ పెట్టాలి. 2020లో కరోనాతో తూటాల కరువు వచ్చినప్పుడు ఫ్యాక్టరీలు తమ మెషీన్లని 9 ఎం.ఎం., 5.56 లాంటి ఎక్కువగా అమ్ముడయ్యే వాటి మీదే పెట్టాయి. అరుదైన క్యాలిబర్లని ఏడాదిలో ఎప్పుడో ఒక విడత మాత్రమే వేస్తారు. ఆ విడత వాయిదా పడితే, మీ పిస్టల్ బీరువాలో అలంకారమే. రీలోడ్ చేసుకుంటాను కదా అంటారేమో. దానికి ఖాళీ కేసులు కావాలి. గ్యాప్ కాల్చేవాళ్లే అరుదైనప్పుడు రేంజ్‌లో ఎవరి కేసులు ఏరుకుంటారు? పైగా అది చిన్న ప్రైమర్ (కేసు అడుగున ఉండి మందుని అంటించే బిళ్ల) వాడుతుంది. నేను ఏరుకొచ్చిన .45 ఏసీపీ బకెట్‌లో ఒక్క గ్యాప్ కేసు దొర్లినా రీలోడింగ్ ప్రెస్ ఠక్కున ఆగుతుంది. దాని మీద నా కోపంలో కొంత భాగం అందుకే అని మీరు అనుమానిస్తే కాదనను.

ఇక మీ బ్యాచ్‌లో ఒకాయన .25 ఏసీపీ అన్నారు. చాలామంది మొదటి జవాబు అదే, కారణం లేకపోలేదు. 50 గ్రెయిన్ల బుల్లెట్, అంటే మూడు గ్రాములకి కాస్త పైన, సెకనుకు సుమారు 750 అడుగుల వేగం. చిన్న బ్యారెల్‌లో .22 లాంగ్ రైఫిల్ కూడా దాదాపు అంతే చేస్తుంది, ధరలో నాలుగో వంతుకో ఐదో వంతుకో వస్తుంది. మరి .25 ఎందుకు? తుపాకుల డిజైనర్ జాన్ బ్రౌనింగ్ 1905 ప్రాంతంలో దీన్ని చేసినప్పుడు .22 రిమ్‌ఫైర్ తూటాలు ఆటోమేటిక్ పిస్టళ్లలో నమ్మకంగా పేలేవి కావు. అంచులో ప్రైమింగ్ మందు అన్ని వైపులా సమానంగా పడకపోతే సుత్తి తగిలినా తూటా పేలదు. పైగా అంచు బయటికి పొడుచుకు వచ్చే తూటాలు చిన్న మ్యాగజైన్‌లో ఒకదానికొకటి అడ్డం పడతాయి. మధ్యలో ప్రైమర్ ఉన్న చిన్న తూటా చేస్తే రెండు గొడవలూ తీరతాయి. చొక్కా లోపలి జేబులో పట్టే పిస్టల్‌కి అప్పట్లో అది సరైన జవాబు. బెల్జియంలో ఎఫ్ఎన్, ఇక్కడ కోల్ట్ లక్షల్లో అమ్ముకున్నాయి.

ఆ పని ఇప్పుడు లేదు. 1999లో వచ్చిన కెల్-టెక్ పి-32, 2008లో వచ్చిన రూగర్ ఎల్‌సీపీ దాదాపు అంతే చిన్నవి, బరువు ఇంకా తక్కువ, పైగా .32, .380 తూటాలు పేలుస్తాయి. అందుకని .25 కి నా జాబితాలో రెండో స్థానం. గ్యాప్ కన్నా పైన ఎందుకు పెట్టలేదంటే, .25 దశాబ్దాల పాటు ఒక పని నిజాయితీగా చేసి రిటైరయింది. గ్యాప్ ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లకే ఆ పోస్టు రద్దయింది.

.40 ఎస్ అండ్ డబ్ల్యూ దండగ అన్న మాట నేను ఒప్పుకోను. ఈమధ్య దాన్ని తిట్టడం ఫ్యాషన్ అయిపోయింది. దాని కథ తెలిస్తే అలా అనరు. 1986 ఏప్రిల్‌లో మయామీలో ఎఫ్‌బీఐ ఏజెంట్లకి, ఇద్దరు బ్యాంకు దొంగలకి మధ్య కాల్పులు జరిగి ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. దాని తర్వాత ఎఫ్‌బీఐ తన 9 ఎం.ఎం. తూటా చాలదని తేల్చి 10 ఎం.ఎం. వైపు వెళ్లింది. అది చాలామంది చేతులకి మరీ గట్టిగా తన్నింది, మందు తగ్గించి వాడారు. మందు తగ్గించాక కేసులో సగం ఖాళీ. ఆ ఖాళీని కోసేస్తే మామూలు 9 ఎం.ఎం. సైజు పిస్టల్‌లో పడుతుంది కదా అని స్మిత్ అండ్ వెసన్, వించెస్టర్ కలిసి 1990 జనవరిలో .40 బయటపెట్టాయి. తమాషా ఏమిటంటే ఆ తూటాకి పిస్టల్‌ని షాపుల్లోకి ముందుగా తెచ్చింది గ్లాక్.

తర్వాత 1994 నుంచి 2004 దాకా కొత్త మ్యాగజైన్లలో పదికి మించి తూటాలు పట్టకూడదని ఫెడరల్ చట్టం ఉండేది. పదే పట్టేటప్పుడు ఆ పదీ లావైనవే పెట్టుకుందాం అని జనం అనుకున్నారు. .40 పోలీసుల తూటా అయి కూర్చుంది. చట్టం గడువు తీరింది, 9 ఎం.ఎం. బుల్లెట్ల తయారీ చాలా మెరుగైంది, గత దశాబ్దం మధ్యలో ఎఫ్‌బీఐ మళ్లీ 9 ఎం.ఎం.కి తిరిగి వచ్చింది, దాని వెనకే దేశంలోని చాలా పోలీసు శాఖలు క్యూ కట్టాయి. అంటే .40 కి కూడా కారణం పోయింది, నిజమే. కానీ ఇక్కడే తేడా. లక్షల పిస్టళ్లు బయట ఉన్నాయి, పోలీసులు వదిలేసినవి మంచి స్థితిలో చవగ్గా దొరుకుతున్నాయి, తూటాలు ఏ షాపులోనైనా ఉంటాయి. మా ప్రాంతంలో కరోనా కరువులో 9 ఎం.ఎం. షెల్ఫు ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా పక్కన .40 డబ్బాలు కనబడేవి. యూఎస్‌పీఎస్ఏ అనే షూటింగ్ సంస్థ పోటీల్లో లిమిటెడ్ డివిజన్ ఆడేవాళ్లు చాలామంది, గట్టి తూటాకి ఎక్కువ పాయింట్లిచ్చే మేజర్ స్కోరింగ్ కోసం దాన్నే వాడుతూ వచ్చారు. కాస్త గట్టిగా తన్నుతుంది, నిజమే. అంతమాత్రాన దండగ అనలేం.

దాని కొడుకు లాంటి .357 సిగ్ సంగతి వేరు. 1994లో .40 కేసు మెడని 9 ఎం.ఎం. బుల్లెట్‌కి సరిపోయేలా నొక్కి చేశారు. 125 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు సుమారు 1350 అడుగుల వేగంతో పోతుంది, మెడ సన్నగా ఉండటం వల్ల తూటా ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటికి) జారుతూ వెళ్తుంది. సీక్రెట్ సర్వీస్ చాలాకాలం వాడి, తర్వాత 9 ఎం.ఎం.కి మారింది. చెవులు చిల్లులు పడే శబ్దం, .40 కన్నా ఎక్కువ ధర, 9 ఎం.ఎం. కన్నా తక్కువ తూటాలు. రెంటికీ చెడ్డ రేవడి. కాకపోతే దాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యలేకపోతున్నాను, ఎందుకంటే చాలా .40 పిస్టళ్లలో బ్యారెల్ ఒక్కటి మారిస్తే ఇది పేలుతుంది, మ్యాగజైన్ కూడా అదే. బ్యారెల్ ఖరీదుతో పోయే సరదా. గ్యాప్‌కి ఆ దారీ లేదు.

కొత్తవాటిలో నాకు అనుమానం ఉన్నది .30 సూపర్ క్యారీ. ఫెడరల్ కంపెనీ 2022లో తెచ్చింది. 9 ఎం.ఎం. కన్నా సన్నం, కాబట్టి అదే పిస్టల్‌లో ఒకటో రెండో తూటాలు ఎక్కువ పడతాయి. 100 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 1250 అడుగులు. అంత సన్నటి తూటాలో ఆ శక్తి రావాలంటే పీడనం పెంచాలి. 9 ఎం.ఎం.కి గరిష్ఠం 35,000 పీఎస్ఐ అయితే దీనికి 50,000. ఫలితం, శబ్దం చురుక్కుమంటుంది, ధర ఎక్కువ, పిస్టల్ చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. కొండని తవ్వి రెండు తూటాలు పట్టారు. పైగా అది వచ్చింది తూటాల కరువు నుంచి జనం అప్పుడప్పుడే తేరుకుంటున్న సమయంలో. ఉన్న క్యాలిబర్‌కే తూటాలు దొరక్క విసిగిపోయినవాడు కొత్త క్యాలిబర్ కొంటాడా? ఇంకొన్నేళ్లలో దీనికి మూడో స్థానం ఖాయం అనుకుంటున్నాను.

రైఫిళ్ల వైపు జాబితా చాంతాడంత ఉంటుంది. వించెస్టర్ సూపర్ షార్ట్ మ్యాగ్నమ్‌లు 2003 నుంచి కొన్నాళ్లు హడావిడి చేసి మూలనపడ్డాయి, మరీ పొట్టిగా, మరీ లావుగా ఉండటం వల్ల మ్యాగజైన్ నుంచి ఛాంబర్‌లోకి వెళ్లడమే ఇబ్బందయ్యేది. 1970 ప్రాంతంలో వచ్చిన 5 ఎం.ఎం. రెమింగ్టన్ రిమ్‌ఫైర్ అయితే పాపం, తుపాకులు నాలుగైదేళ్లలో ఆగిపోయాయి, వాటిని కొన్నవాళ్లు తూటాల కోసం దశాబ్దాలు వెతుక్కున్నారు.

కానీ ఒక్క కథ చెప్పాలి, ఎందుకంటే తూటా మంచిదైనా ఎలా చస్తుందో అందులో ఉంది. 1955లో రెండు తూటాలు ఒకేసారి వచ్చాయి, వించెస్టర్ వారి .243, రెమింగ్టన్ వారి .244. బుల్లెట్ లావు రెంటికీ ఒకటే. కేసు చూస్తే .244 కొంచెం పెద్దది, మందు ఎక్కువ పడుతుంది. కాగితం మీద గెలవాల్సింది అదే. రెమింగ్టన్ వాళ్లు తమ కొనుగోలుదారు దూరం నుంచి ఎలకల్లాంటి చిన్న జంతువుల్ని కొట్టేవాడు అనుకుని, బుల్లెట్‌ని గిరగిరా తిప్పే బ్యారెల్ లోపలి మెలికని 12 అంగుళాలకి ఒక చుట్టు చొప్పున పెట్టారు. తేలిక బుల్లెట్లకి అది చాలు. వించెస్టర్ వాళ్లు 10 అంగుళాలకి ఒక చుట్టు పెట్టారు. దాంతో 100 గ్రెయిన్ల బరువు బుల్లెట్ కూడా వణక్కుండా తిరుగుతుంది, జింక వేటకి పనికొస్తుంది. జనానికి కావాల్సింది ఒకే రైఫిల్‌తో రెండు పనులు. .244 పడిపోయింది. రెమింగ్టన్ 1963లో మెలికని 9 అంగుళాలకి మార్చి, పేరు 6 ఎం.ఎం. రెమింగ్టన్ అని మార్చి మళ్లీ వదిలింది. అప్పటికే ఆలస్యం. తూటాలో ఏ లోపమూ లేదు, బ్యారెల్‌లో రెండంగుళాల లెక్క తేడా. పట్టికలు చూసి వాదించేవాళ్లకి ఈ సంగతి ఏ పట్టికలోనూ కనబడదు.

పోటీ నియమం మారి ఉద్యోగం పోగొట్టుకున్నది .22 షార్ట్. 1857 నాటిది, స్మిత్ అండ్ వెసన్ మొదటి రివాల్వర్‌తో పుట్టి ఇప్పటికీ తయారవుతున్న తూటా. అంతర్జాతీయ పోటీల్లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ వాళ్లు దాదాపు తన్నే తన్నదని దాన్నే వాడేవారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ తర్వాత నియమాలు మార్చి .22 లాంగ్ రైఫిల్ తప్పనిసరి చేశారు. ఒక్క కాగితంతో ఖరీదైన పిస్టళ్లన్నీ షోకేసుల్లోకి వెళ్లాయి. 2012 లండన్‌లో మన విజయ్ కుమార్ రజతం తెచ్చిన ర్యాపిడ్ ఫైర్ ఈ కొత్త నియమం కిందే. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చిన 25 మీటర్ల పిస్టల్‌లో పేలేదీ .22 లాంగ్ రైఫిలే.

ఇక చట్టం వల్ల పుట్టిన తూటాలు. ఇక్కడ మన దేశానికి పెద్ద చరిత్రే ఉంది. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో ప్రైవేటు వ్యక్తులకి .450 క్యాలిబర్ నిషేధించింది. పాత మార్టిని-హెన్రీ సైన్యం తుపాకులు చాలా చోట్ల తిరుగుబాటుదార్ల చేతుల్లో ఉన్నాయి, వాటికి తూటాలు అందకూడదని. దాంతో పులుల, ఏనుగుల వేటకి వచ్చే దొరల కోసం లండన్ తుపాకి కంపెనీలు .470, .465, .475 అంటూ చుట్టుపక్కల అంకెలన్నీ వాడేశాయి. పని ఒకటే, అంకె మాత్రం వేరు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక ఆ వేటే పోయింది. ఆఫ్రికాలో మాత్రం .470 ఇంకా బతికే ఉంది.

ఇదే పద్ధతి మిగతా చోట్లా కనబడుతుంది. ఇటలీలో సైన్యం వాడే 9 ఎం.ఎం. పౌరులకి పనికిరాదని ఒకప్పుడు అన్నారు, కేసు రెండు మిల్లీమీటర్లు పెంచి 9×21 పుట్టించారు. మెక్సికోలో .45 సైన్యానిది కాబట్టి జనం ఒకప్పుడు .38 సూపర్‌కి అలవాటుపడ్డారు. టెక్సస్‌లో నిలబడి చూస్తే రెండూ అనవసరం అనిపిస్తాయి. అప్పట్లో ఆ దేశాల్లో ఉన్నవాడికి చట్టం వదిలిన దారి అది.

మన ఆయుధాల నియమాలు కూడా అంతే. .303, 7.62 రైఫిళ్లు, .410 మస్కెట్, .380, .455 రివాల్వర్లు, సర్వీస్ 9 ఎం.ఎం., .45 పేల్చగలిగేవి నిషేధిత బోర్ కిందికి వస్తాయి. .410 మస్కెట్ అంటే ఇక్కడి .410 షాట్‌గన్ కాదు. ఇషాపూర్ ఫ్యాక్టరీలో .303 ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లని ఒక్కోసారి ఒక్క తూటానే పట్టేలా మార్చి పోలీసులకీ కాపలావాళ్లకీ ఇచ్చేవారు. దాని తూటా, మెడ నొక్కని .303 కేసు. వాటిలో చాలా అమెరికాకి వచ్చాయి, మీ గన్ షోలో బల్లల మీద వెతకండి, ఇషాపూర్ ముద్రతో కనబడతాయి. చాలావాటిని ఇక్కడివాళ్లు మామూలు .410 షెల్‌కి తొలిచేసి ఉంటారు, కాబట్టి గన్‌స్మిత్‌కి చూపించకుండా పేల్చొద్దు.

నిషేధం పోగా మామూలు మనిషికి మిగిలేవి షాట్‌గన్‌లో 12 బోర్, రైఫిల్‌లో .315, .22 లాంటివి, చేతి తుపాకుల్లో ముఖ్యంగా .32. మన బ్యాంకుల ముందు గార్డు భుజాన డబుల్ బ్యారెల్ వేలాడేది అందుకే. .315 పేరు చెబితే ఇక్కడ ఎవరికీ తెలియదు. పాత ఆస్ట్రియా మాన్లిచర్ 8 ఎం.ఎం. తూటా వంశంలోది, మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు పౌరుల కోసం నిలబెట్టాయి. పట్టికలో చూస్తే దండగే. లైసెన్సు పుస్తకంలో చూస్తే చాలామందికి ఉన్న ఒకే రైఫిల్.

నాన్నగారి రివాల్వర్ .32 అన్నారు. కాన్పూర్ ఫ్యాక్టరీదో, అంతకుముందు దిగుమతి అయిన వెబ్లీ లాంటిదో అయ్యుంటుంది. 1980ల మధ్య నుంచి దిగుమతి ఆగింది కాబట్టి రెండోదైతే మంచి ధరే పలుకుతుంది. తూటా సాధారణంగా .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, 1896 నాటిది. అమెరికాలో దీన్ని అడిగితే షాపువాడు లోపల వెతకడానికి వెళ్తాడు. యూరప్‌లో మాత్రం 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీల్లో పెద్ద పెద్ద షూటర్ల తూటా అదే. ముందు వైపు చదునుగా ఉండే వాడ్‌కట్టర్ బుల్లెట్, కొద్దిగా మందు, పెద్దగా తన్నదు, కాగితం మీద పంచ్ మెషీన్‌తో కొట్టినట్టు గుండ్రటి రంధ్రం. 2014లో నిర్భీక్ పేరుతో మహిళల కోసం అని లక్షా ఇరవై వేల పైచిలుకు ధర పెట్టి వదిలిన తేలిక రివాల్వర్ కూడా .32 లోనే వచ్చింది. చట్టం ఆ గీత గీసినంతకాలం ఆ తూటాకి పని ఉంటుంది.

జాగ్రత్త ఒకటి. పిస్టల్‌లో వాడే .32 ఏసీపీ కొన్ని పాత .32 రివాల్వర్లలోకి దూరుతుంది. దూరింది కదా అని పేల్చకూడదు. దాని పీడనం ఎక్కువ, పాత సిలిండర్ దానికోసం చేసింది కాదు. బ్యారెల్ మీద ఏమి చెక్కి ఉందో, లైసెన్సులో ఏమి రాసి ఉందో రెండూ సరిచూసి ఆ తూటాలే కొనమనండి.

మీ విషయానికి వస్తే, గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఇక్కడ కొనడానికి ఫెడరల్ చట్టం అడ్డు రాదు. మీ బ్యాచ్‌లో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి మాత్రం హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ తమ దగ్గర ఉంచుకోవడం నేరం. షాపుల్లో ఫారం నింపేటప్పుడు ఇది చూసుకోకుండా సంతకం పెట్టేవాళ్లని చూస్తుంటాను. మొదటి పిస్టల్ కాబట్టి మామూలు 9 ఎం.ఎం. తీసుకోండి, గ్లాక్ 37 మీద మిగిలిందనుకున్న డబ్బు ఒక డబ్బా తూటాలకి, ఒక పూట శిక్షణకి సరిపోతుంది. ఇంకా చవగ్గా కావాలంటే పోలీసులు వదిలేసిన .40 చూడండి.

ఇండియా వెళ్లేటప్పుడు రేంజ్‌కి వాడిన బ్యాగ్‌ని లగేజీకి వాడకండి. జిప్పు మూలలో మిగిలిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానింగ్‌లో పడితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, మర్చిపోయానని రుజువు చేసుకోవడానికి కోర్టు దాకా వెళ్లాలి.

నాన్నగారి లైసెన్సు గడువు ఇప్పుడే చూడమనండి. 2019 సవరణతో మూడేళ్లకి బదులు ఐదేళ్లకి రెన్యువల్ చేస్తున్నారు, ఒకరి దగ్గర రెండు తుపాకులకి మించి ఉండకూడదని కూడా అదే చెప్పింది. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసిన రసీదులు పారెయ్యకుండా ఫైల్లో పెట్టమనండి. ఆయనకి డెబ్బై నిండినా, ఆ రివాల్వర్ ఇరవై ఐదేళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, వారసుడి పేరు మీదకి మార్చమని అడిగే వీలు 2016 నియమాల్లో ఉంది. ఊళ్లో ఉండే తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ల పేరుతో ఆ దరఖాస్తు నాన్నగారు ఓపికగా తిరగగలిగే రోజుల్లోనే పెట్టించండి.